బ్రాడ్‌హెడ్ పక్కకి పోతుంటే సైట్ ముట్టుకోకండి: హంటింగ్ బో ట్యూనింగ్ మొదటి నుంచి చివరిదాకా

టెక్సాస్‌లో ఆర్చరీ సీజన్ సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో తెరుస్తారు, దానికి నెల ముందు నుంచి నాకు ఒకటే ఫోన్‌లు. "అన్నా, ఫీల్డ్ పాయింట్స్‌తో ముప్పై గజాల్లో బాణాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పడుతున్నాయి, బ్రాడ్‌హెడ్ బిగించగానే అరడుగు ఎడమకి పోతోంది, సైట్ కొంచెం జరిపేస్తే సరిపోద్దా?" అని. (ఫీల్డ్ పాయింట్ అంటే ప్రాక్టీస్‌కి వాడే నున్నటి మొన, బ్రాడ్‌హెడ్ అంటే వేటకి వాడే బ్లేడ్ల మొన, సైట్ అంటే విల్లు మీద గురి చూసే పిన్‌లుండే పరికరం.) సరిపోదు. సైట్ జరిపితే ఆ ఒక్క దూరానికే సరిపోద్ది, బాణం మాత్రం వంకరగానే ఎగురుతా ఉంటది.

ఈ మాట అనుభవం మీదే చెప్తున్నా. నా మొదటి సీజన్‌లో నేను చేసింది అదే. ఇరవై గజాల్లో బ్రాడ్‌హెడ్ ఎడమకి పడుతుంటే సైట్ జరిపేసి బానే ఉంది అనుకున్నా, తీరా ముప్పై ఐదు గజాల దూరంలో ఒక ఆడ జింక పక్కకి తిరిగి నిలబడితే బాణం దాని వెన్ను మీదుగా రయ్యిమని పోయింది. తగల్లేదు, అది నా అదృష్టం, దాని అదృష్టం కూడా. ఒక్క జానెడు కిందకి తగిలి ఉంటే ఆ జీవి రెండు రోజులు పొదల్లో నరకం చూసి చచ్చేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే విల్లుని బాణం సూటిగా పోయేలా సర్దుకోకుండా, అదే ట్యూన్ చెయ్యకుండా, అడవిలోకి వెళ్ళొద్దని ఎవరడిగినా ఇంత గట్టిగా చెప్తా.

ముందుగా ఒక సంగతి, ఇది చదువుతున్న మనవాళ్ళలో ఇండియాలో ఉన్నవాళ్ళు ఉంటే, అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి మీకు ఇది టార్గెట్ ఆర్చరీకి మాత్రమే. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది కాంపౌండ్ విల్లుతోనే (రెండు చివర్లా క్యామ్స్ అనే చక్రాలుండే విల్లు), పోటీల్లో విల్లు లాగే బలం అరవై పౌండ్లు దాటకూడదు, హంటింగ్‌లో డెబ్బై దాకా వాడతారు, అంతే తప్ప ట్యూనింగ్ సూత్రం రెండిటికీ ఒకటే. అమెరికాలో ఉన్నవాళ్ళకైతే లైసెన్స్ తప్పనిసరి, టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న కానీ ఆ తర్వాత కానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్స్ కూడా చెయ్యాలి.

అసలు బ్రాడ్‌హెడ్ ఎందుకు పక్కకి పోద్దో అర్థమైతే మిగతాదంతా తేలిక. స్ట్రింగ్ వదలగానే బాణం మీద ఒక్కసారిగా బలం పడి అది పాములా వంగుతుంది, అప్పుడు తోక కొంచెం పక్కకో పైకో ఉంటే వెనకున్న ఈకలు, అదే వేన్స్, గాలిని పట్టుకుని దాన్ని మెల్లగా సరిచేస్తాయి. ఫీల్డ్ పాయింట్ నున్నగా గుండ్రంగా ఉంటది కాబట్టి గాలికి ముందువైపు పట్టు దొరకదు, ఈకలదే పైచెయ్యి. బ్రాడ్‌హెడ్‌కి బ్లేడ్లు ఉన్నాయి కదా, అవి ముందువైపు ఈకల్లాగే పనిచేస్తాయి, బాణం కొంచెం వంకరగా బయల్దేరినా ఆ వంకర వైపే లాక్కెళ్తాయి. అంటే బ్రాడ్‌హెడ్ కొత్తగా తప్పు చెయ్యట్లేదు, ఎప్పటినుంచో ఉన్న తప్పుని బయటపెడుతోంది. మెకానికల్ బ్రాడ్‌హెడ్, అంటే తగిలాక బ్లేడ్లు తెరుచుకునేది, పెట్టేస్తే పోద్ది కదా అంటారు కొందరు, బ్లేడ్లు మూసుకుని ఉంటాయి కాబట్టి ఎగరడం బానే ఎగురుద్ది, కానీ వంకరగా వెళ్ళి తగిలిన బాణం లోపలికి తక్కువ దిగుద్ది, దానికి మందు ట్యూనింగే.

సరే, పనిలోకి వద్దాం. అందరూ విల్లుతో మొదలుపెడతారు, నేను బాణంతో మొదలుపెట్టమంటా.

బాణం మీద 300, 340, 400 అని నంబర్ ఉంటది చూడండి, అది స్పైన్. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద బాణాన్ని పెట్టి మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎంత వంగుద్దో ఆ లెక్క, 340 అంటే 0.340 అంగుళం వంగింది అని. నంబర్ తగ్గేకొద్దీ బాణం బిర్రుగా ఉన్నట్టు. అయితే అది బల్ల మీద లెక్క, విల్లులో దాని ప్రవర్తన వేరు: బాణం పొడుగు పెరిగినా, ముందు పాయింట్ బరువు పెరిగినా, విల్లు పౌండ్లు పెంచినా అదే బాణం మెత్తగా ప్రవర్తిస్తుంది. కాబట్టి 100 గ్రెయిన్ల (బాణాల బరువు కొలత) పాయింట్‌తో ట్యూన్ చేసి సీజన్ ముందు 125 గ్రెయిన్ల బ్రాడ్‌హెడ్ కొనుక్కుంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే. మీ పౌండ్లు, బాణం పొడుగు, పాయింట్ బరువు ఈ మూడూ పట్టుకుని బాణం కంపెనీ చార్ట్ చూడండి, రెండు స్పైన్ నంబర్ల మధ్య పడితే హంటింగ్‌కి నేను బిర్రుగా ఉన్నదే తీసుకుంటా.

బరువు విషయానికొస్తే, విల్లు ఒక్కో పౌండుకి కనీసం 5 గ్రెయిన్ల బాణం ఉండాలని చాలా కంపెనీలు రాస్తాయి, అంతకన్నా తేలికైతే ఖాళీగా స్ట్రింగ్ వదిలినంత దెబ్బ లింబ్స్‌కి, అంటే వంగే విల్లు కొమ్ములకి, తగులుద్ది. హంటింగ్‌కి 6 నుంచి 8 మధ్య హాయిగా ఉంటది. 60 పౌండ్ల విల్లుకి 420 గ్రెయిన్ల బాణం అంటే సరిగ్గా 7. డబ్బా మీద వేసే స్పీడ్ 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా (స్ట్రింగ్ లాగే పొడుగు), 350 గ్రెయిన్ల బాణంతో కొలిచింది, మీ చేతిలో అంత రాదు, రానక్కర్లేదు. స్పీడ్ కోసం బాణాన్ని పుల్లలా చేసుకోవడం నాకు నచ్చదు, బరువున్న బాణం నిదానంగా వెళ్ళినా నిక్కచ్చిగా వెళ్తుంది, విల్లు చప్పుడు కూడా తగ్గుద్ది.

ఒక్కో బాణాన్నీ విడిగా చూడండి. కార్బన్ బాణాన్ని రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచి, తిప్పుతూ అన్నివైపులా చూడాలి, చిటపట శబ్దం వచ్చినా పీచు లేచినట్టు కనపడినా ఆ బాణం విరిచి చెత్తలో పడెయ్యండి, దాచుకోవద్దు, పగిలిన కార్బన్ బాణం వదిలేటప్పుడు ముక్కలై విల్లు పట్టుకున్న చేతిలో దిగిన ఫొటోలు చూస్తే అన్నం తినబుద్ధి కాదు. తర్వాత బ్రాడ్‌హెడ్ బిగించి దాని మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పండి, మొన దగ్గర ఊగితే ఆ హెడ్ ఇన్సర్ట్‌లో (బాణం ముందు మొన బిగించే మరల గొట్టం) సూటిగా కూర్చోలేదని. వేరే హెడ్ పెట్టి చూడండి, అప్పుడూ ఊగితే తప్పు బాణానిది. ఊగే బాణాన్ని ఎంత ట్యూన్ చేసినా ఉపయోగం లేదు. బిగించేటప్పుడు రెంచ్ వాడండి, బ్లేడ్లు వేళ్ళతో పట్టుకోవద్దు. నాక్, అంటే బాణం తోక చివరి గాడి, స్ట్రింగ్‌కి టక్ మని పట్టుకోవాలి, పక్కన స్ట్రింగ్ మీద వేలితో గట్టిగా ఒక్కటి కొడితే ఊడి రావాలి, అంత బిగుతు చాలు.

ఇప్పుడు విల్లు. క్యామ్స్ రెండూ ఒకేసారి ఆగుతున్నాయా లేదా అన్నది మొదట చూడాలి, దీన్నే టైమింగ్ అంటారు. డ్రా బోర్డ్ ఉంటే దాని మీద పెట్టి మెల్లగా లాగి చూడొచ్చు, లేకపోతే మీరు బాణం పెట్టి టార్గెట్ వైపే గురిపెట్టి పూర్తిగా లాగండి, పక్కనుంచి ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీస్తే చాలు, పై క్యామ్ స్టాప్ తగిలాక కింది క్యామ్ ఇంకా కదులుతుంటే కేబుల్ (క్యామ్స్‌ని కలిపే తాడు) మెలి మార్చాలి. ఆ పని బో ప్రెస్ (విల్లుని వంచి పట్టుకునే యంత్రం) లేకుండా ఇంట్లో చెయ్యొద్దు, ఎంత పట్టు ఉన్నవాళ్ళైనా సరే, ఆర్చరీ ప్రో షాప్‌కి తీసుకెళ్ళండి. బాణం లేకుండా ఒక్కసారి స్ట్రింగ్ వదిలినా లింబ్ పగలొచ్చు, క్యామ్ వంగొచ్చు, కాబట్టి ఎవరైనా ఫ్రెండ్ "ఏది ఒకసారి లాగి చూస్తా" అంటే ఇవ్వకండి. కొత్త స్ట్రింగ్ వేయించి ఉంటే ఒక వంద బాణాలన్నా వేశాకే ట్యూనింగ్ మొదలుపెట్టండి, అది సాగి కుదురుకోవాలి. టైమింగ్ కుదిరాక క్యామ్ మీద కేబుల్ పక్కన వెండి రంగు మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి, రేపు ఏదన్నా కదిలితే అదే చెప్పుద్ది.

రెస్ట్, అంటే విల్లు మీద బాణం ఆనే చోటు, దాని దగ్గరికి వద్దాం. పక్కనుంచి చూస్తే బాణం రైజర్‌లో (విల్లు మధ్య భాగం) రెస్ట్ బిగించే రంధ్రం మధ్యలోంచి పోవాలి, స్ట్రింగ్‌కి తొంభై డిగ్రీల్లో ఉండాలి, బో స్క్వేర్ (ఆ కోణం చూసే స్కేలు) ఇరవై డాలర్ల లోపే దొరుకుద్ది, కొనుక్కోండి. డీ-లూప్ (నాక్ వెనక స్ట్రింగ్‌కి కట్టే చిన్న ఉచ్చు) ముడులు నాక్‌ని మరీ నొక్కెయ్యకూడదు, లాగినప్పుడు స్ట్రింగ్ కోణం ఇరుకై నాక్‌ని పిండుతుంది, పొట్టి విల్లుల్లో మరీను, కాగితం పట్టేంత సందు ఉంచండి. వెనకనుంచి చూస్తే బాణం స్ట్రింగ్ వరసలో సూటిగా ముందుకి కనపడాలి, రైజర్ నుంచి బాణం మధ్యకి చాలా విల్లులకి 13/16 అంగుళం దగ్గర మొదలుపెడతారు, మీ విల్లు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే వినండి. ఇది మొదలు మాత్రమే, చివరికి ఎక్కడ ఆగుతామో బాణం చెప్పుద్ది.

డ్రాప్-అవే రెస్ట్ (బాణం వదలగానే కింద పడేది) కేబుల్‌కి కట్టినదైతే డ్రా చివరి ఒకటి రెండు అంగుళాల్లో పూర్తిగా పైకి లేవాలి. అది ఆలస్యంగా కింద పడితే ఈకలు దానికి రాసుకుంటాయి, కంటికి కనపడదు, పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే ఈకల మీద, రెస్ట్ మీద కొట్టి ఒక బాణం వేస్తే ఎక్కడ రాసుకుందో గీత పడుద్ది. ఎంతోమంది వారం రోజులు రెస్ట్ అటూ ఇటూ జరిపి విసిగిపోయాక తేలేది ఇదే, కాబట్టి ముందే చూసేసుకోండి.

ఇక ఎవరూ ఒప్పుకోని విషయం, చెయ్యి. విల్లు పట్టుకున్న చెయ్యి పిడికిలి బిగిస్తే విల్లు మెలి తిరుగుద్ది, ఆ మెలి బాణం తోకని పక్కకి నెడుతుంది. బరువు బొటనవేలు కింద కండ మీద పడాలి, వేళ్ళు వదులుగా ఉండాలి, వేళ్ళ కణుపులు నిటారుగా కాకుండా ఏటవాలుగా, రమారమి నలభై ఐదు డిగ్రీల్లో ఉండాలి. ఇది కుదరకుండా ట్యూనింగ్ మొదలుపెడితే మీ చేతి తప్పుని విల్లులో కట్టేసినట్టు అవుద్ది, రేపు చలిలో గ్లవ్స్ వేసుకున్న రోజు పట్టు మారి మొత్తం మారిపోద్ది. కళ్ళు మూసుకుని లాగి, తెరిచి చూడండి, సైట్ మీద లెవెల్ బుడగ మధ్యలోనే ఉంటే పట్టు బాగున్నట్టు.

పేపర్ ట్యూనింగ్ అందరూ వినే ఉంటారు. చెక్క ఫ్రేమ్‌కి కాగితం బిగుతుగా కట్టి, వెనక కొంచెం దూరంలో టార్గెట్ పెట్టి, కాగితానికి ఆరడుగుల దూరం నుంచి భుజం ఎత్తులో సూటిగా వెయ్యాలి. మొన గుండ్రని కన్నం చేసుద్ది, ఈకలు చీలికలు చేస్తాయి, ఆ చీలికలు కన్నం చుట్టూ సమంగా ఉంటే బాణం సూటిగా పోయినట్టు. ఒక్క బాణం చూసి నిర్ణయించొద్దు, వేర్వేరు బాణాలతో నాలుగైదు వెయ్యండి, అన్నీ ఒకే రకంగా చిరిగితే విల్లు తప్పు, ఒక్కోటి ఒక్కో రకంగా చిరిగితే చెయ్యి తప్పు. ఒకే బాణం మాత్రం తేడాగా చిరిగితే దాని నాక్‌ని ఒక ఈక మేర తిప్పి మళ్ళీ వెయ్యండి, కార్బన్ బాణాల్లో బిర్రు అన్నివైపులా ఒకేలా ఉండదు, అందుకే.

ముందు పైకీ కిందకీ ఉన్న చీలిక సరిచెయ్యండి. తోక పైకి చిరిగితే రెస్ట్ కొంచెం పైకి లేదా డీ-లూప్ కొంచెం కిందకి, తోక కిందకి చిరిగితే దానికి రివర్స్. ఒక్కసారికి 1/32 అంగుళం, అంతకన్నా ఎక్కువ వద్దు. పైకి చీలిక ఎంతకీ పోకపోతే టైమింగ్ కానీ రాసుకోవడం కానీ ఉంది, వెనక్కి వెళ్ళి చూడండి.

ఎడమా కుడీ చీలిక దగ్గరే గొడవంతా. తోక ఎడమకి చిరిగితే రెస్ట్ కుడికి జరపమని పాత గైడ్లు చెప్తాయి, ఎడమకే జరపమని ఇప్పటి టెక్నీషియన్లు కొందరు చెప్తారు, రెండూ పనిచేసిన విల్లులు నేను చూశా, ఎందుకంటే ఆ చీలికకి కారణం రెస్ట్ ఒక్కటే కాదు, చేతి మెలి, స్పైన్, క్యామ్ వాలు, మొహానికి స్ట్రింగ్ గట్టిగా ఆనడం, ఏదైనా కావచ్చు. కాబట్టి ముందు పట్టు, మొహం ఆనే చోటు చూసుకుని, తర్వాత రెస్ట్ ఒకవైపు 1/32 జరిపి మళ్ళీ మూడు వెయ్యండి, చీలిక తగ్గితే అటే వెళ్ళండి, పెరిగితే వెనక్కొచ్చి రెండోవైపు. ఈ పద్ధతి ఎవరి విల్లుకైనా పనిచేస్తుంది. రెస్ట్ మొదటి స్థానం నుంచి 1/8 అంగుళం దాటి పోవాల్సి వస్తుంటే ఆగండి, అప్పుడు తప్పు క్యామ్‌లో ఉంది, యోక్ కేబుల్ (చివర రెండుగా చీలే కేబుల్) ఉన్న విల్లులకి మెలి వేసి, లేనివాటికి క్యామ్ పక్కనుండే షిమ్‌లు (పలచటి బిళ్ళలు) మార్చి సరిచేస్తారు, షాప్‌లో అడగండి. ఒకేసారి రెండు మార్పులు మాత్రం చెయ్యకండి, ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు. ప్రతి మార్పూ తేదీతో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆరడుగుల దగ్గర కన్నం బాగొచ్చిందని పండగ చేసుకోవద్దు. బాణం ఊగుతూ ఊగుతూ ఆ ఒక్క చోట సూటిగా ఉండి ఉండొచ్చు. పన్నెండు అడుగులు, పద్దెనిమిది అడుగుల నుంచి కూడా వెయ్యండి. తర్వాత ఓపిక ఉంటే ఈకల్లేని బాణం ఒకటి ఇరవై గజాల నుంచి వేసి, ఈకలున్న బాణాల గుంపుతో పోల్చండి, ఈకల సాయం లేదు కాబట్టి విల్లు ఏం చేస్తుందో దాచుకోలేదు. రెండూ రెండు మూడు అంగుళాల తేడాలో పడితే హంటింగ్‌కి చాలా బాగున్నట్టు. మొదటిసారి పది గజాల నుంచే వెయ్యండి, మరీ పక్కకిపోయి టార్గెట్ దాటిపోతే బాణం దొరకదు.

ఇప్పుడు అసలు పరీక్ష. బ్రాడ్‌హెడ్. టార్గెట్ బ్రాడ్‌హెడ్స్‌కి పనికొచ్చే ఫోమ్‌దై ఉండాలి, వెనక మట్టి గట్టో ఖాళీ స్థలమో ఉండాలి, పెరట్లో పక్కింటి కంచె వైపు వద్దు. ఇరవై గజాల నుంచి ఫీల్డ్ పాయింట్ ఒకటి, బ్రాడ్‌హెడ్ ఒకటి, ఒకే చుక్క మీద గురి, మళ్ళీ ఇంకో జత, అలా మూడు జతలు. అలిసిపోకముందే ఆపెయ్యండి, అలిసిన చేత్తో వేసిన బాణాలు తప్పుడు సమాచారం ఇస్తాయి. ఇక్కడ సూత్రం స్పష్టంగా ఉంది: బ్రాడ్‌హెడ్స్‌ని ఫీల్డ్ పాయింట్స్ వైపుకి తోలినట్టు రెస్ట్ జరపాలి. బ్రాడ్‌హెడ్స్ ఎడమకి పడుతుంటే రెస్ట్ కుడికి, కిందకి పడుతుంటే రెస్ట్ పైకి. 1/32 కన్నా తక్కువే జరపండి, గీతలున్న మైక్రో అడ్జస్ట్ రెస్ట్ అయితే ఒక్క గీత చాలు. రెస్ట్ జరిపితే రెండు గుంపులూ కదులుతాయి, బ్రాడ్‌హెడ్స్ ఎక్కువ కదిలి వచ్చి కలుస్తాయి. కలిశాక ముప్పై, నలభై గజాలకి వెళ్ళి మళ్ళీ చూడండి, ఇరవైలో కనపడని అంగుళం నలభైలో మూడు నాలుగు అంగుళాలై కనపడుద్ది.

రెండు గుంపులూ ఒకచోట పడ్డాకే, అప్పుడే, సైట్ ముట్టుకోండి. మొత్తం గుంపు ఎడమకి ఉంటే సైట్ పిన్ ఎడమకి, బాణం ఎటు పోతే పిన్ అటు. తర్వాత టార్గెట్ మీద తాడు నిలువుగా వేలాడదీసి ఇరవై గజాల పిన్‌తోనే ఇరవై, ముప్పై, నలభై నుంచి వేసి చూడండి, బాణాలు కిందకి పడతాయి సరే, తాడు వెంటే పడాలి, వెనక్కి వెళ్ళేకొద్దీ ఒక పక్కకి జారుతుంటే రెస్ట్ ఇంకా ఒక వెంట్రుక తేడాగా ఉంది. చెట్టు మీద స్టాండ్ నుంచి వేసేవాళ్ళు సైట్ థర్డ్ యాక్సిస్ (పైకో కిందకో గురిపెట్టినా లెవెల్ బుడగ నిజం చెప్పేలా చేసే అమరిక) కూడా చూసుకోవాలి, నేల మీద మధ్యలో ఉన్న బుడగ కిందకి వంగి గురిపెట్టేసరికి అబద్ధం చెప్తే బాణం పక్కకి పోద్ది, వంగేటప్పుడు నడుము దగ్గర వంగాలి, చెయ్యి కిందకి దించకూడదు.

టెక్సాస్ ఎండ గురించి చెప్పకపోతే తప్పవుద్ది. విల్లు కారు డిక్కీలో వదిలెయ్యకండి, ఆగస్టులో లోపల వేడికి స్ట్రింగ్ సాగుద్ది, లింబ్స్ పొరలు విడిపోవచ్చు, చేసిన ట్యూనింగ్ అంతా గంటలో పోద్ది. స్ట్రింగ్ సాగితే పీప్ (స్ట్రింగ్‌లో ఉండే, గురి చూసే చిన్న కన్నం) తిరిగిపోద్ది, మొదట కనపడేది అదే. రెస్ట్ స్క్రూల మీద, సైట్ మీద మార్కర్ గీతలు పెట్టుకుని వెళ్ళే ముందు ఒకసారి చూసుకోండి. హెడ్ విషయంలో రూల్ కూడా ఉంది, టెక్సాస్‌లో బ్రాడ్‌హెడ్ కనీసం 7/8 అంగుళం వెడల్పు, రెండు పదును అంచులు ఉండాలి, వేరే స్టేట్‌లో వేటాడితే అక్కడి బుక్‌లెట్ చదువుకోండి. ప్రాక్టీస్ చేసిన బ్లేడ్లతో వేటకి పోవద్దు, కొత్తవి మార్చండి, మార్చాక మళ్ళీ బొంగరం పరీక్ష.

జులైలో మొదలుపెడితే ఇదంతా వారానికి రెండు సాయంత్రాల చొప్పున నెల రోజుల్లో తేలిగ్గా అయిపోద్ది. ఆ తర్వాత సీజన్ దాకా రోజూ ఒకే ఒక్క బాణం, వేడెక్కని చేత్తో, వేటకి వేసుకునే జాకెట్ వేసుకుని, బ్రాడ్‌హెడ్‌తో, ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్ మీద వెయ్యండి, జింక గుండె ఊపిరితిత్తుల చోటు దగ్గరదగ్గర అంతే ఉంటది. ఎంత దూరం నుంచి ఆ మొదటి బాణం ప్రతి రోజూ ప్లేట్‌లోనే పడుతుందో చూసుకోండి. నాకు అది ముప్పై గజాలు. ముప్పై రెండులో జింక నిలబడితే నేను స్ట్రింగ్ లాగను.